పాట అమ్మేయాలా, హక్కులు అట్టిపెట్టుకోవాలా?

ప్రశ్న: నేను జానపద పాటలు రాసి, బాణీ కట్టి పాడుతుంటాను. ఈ మధ్య ఒక బతుకమ్మ పాట కట్టాను. పల్లవి మా అమ్మమ్మ పాడే పాతదే, చరణాలూ వాటి బాణీ నావి. రికార్డింగ్, చిత్రీకరణ ఖర్చులు తామే భరించి, నాకు పదిహేను వేల రూపాయలు ఇస్తామని ఒక యూట్యూబ్ ఛానెల్ వారు అంటున్నారు. 'సర్వహక్కులూ శాశ్వతంగా' తమవేనని సంతకం చేయమంటున్నారు. చేయవచ్చా? సొంతంగా విడుదల చేసుకోవడం మేలా?
– ఒక పాఠకురాలు, సిద్దిపేట జిల్లా

జవాబు: ఆ మాట ఒప్పందంలో ఉన్నంతవరకు సంతకం చేయకండి. సాహిత్యం, బాణీ ఒక ఆస్తి, రికార్డింగ్ వేరొక ఆస్తి. ఖర్చు పెట్టి తయారు చేయిస్తున్నారు కనుక రికార్డింగ్ తమదని ఛానెల్ వారు కోరడంలో తప్పు లేదు. కానీ సాహిత్యాన్నీ బాణీనీ కూడా రాసిచ్చేస్తే, మీ చరణాలను మీరే మరోచోట రికార్డు చేయాలన్నా వారి అనుమతి అడగవలసి వస్తుంది.

1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ మీకు అండగా ఉంది. సౌండ్ రికార్డింగ్ కోసం హక్కులు రాసిచ్చినా, ఆ రచనను ఏ రూపంలో వాడుకున్నా వచ్చే రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కు రచయితకూ స్వరకర్తకూ పోదని 19వ సెక్షన్ చెబుతోంది. గడువు రాయని ఒప్పందాన్ని 5 ఏళ్లకు, ప్రాంతం రాయని ఒప్పందాన్ని భారతదేశానికి పరిమితమైనదిగా అదే సెక్షన్ పరిగణిస్తుంది. 'శాశ్వతంగా' అనే మాట కొట్టించి, రెండు మూడేళ్ల గడువు, రాయల్టీ వాటా, వీడియో వివరణలో మీ పేరు రాయించుకోండి. పల్లవి సంప్రదాయమనీ చరణాలు మీవనీ స్పష్టంగా ఉండాలి; అమ్మమ్మల పాట ఊరందరిదీ, దానిని వారూ మీరూ సొంతం చేసుకోకూడదు. రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం కూడా తీసుకోండి.

పెట్టుబడి సమకూరితే మాత్రం సొంతంగా విడుదల చేయడమే మేలని నా అభిప్రాయం. అయితే ప్రకటనల ఆదాయాన్ని వెంటనే ఆశించకండి. అందులో వాటా రావాలంటే కొత్త యూట్యూబ్ ఛానెల్‌కు 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు (చిన్న వీడియోలకు) కోటి వ్యూస్ గానీ ఉండాలి. మీలాంటి గాయనికి మొదట డబ్బు వచ్చేది కార్యక్రమాల నుంచే కనుక, బుకింగ్ కోసం ఫోన్ నంబరు వీడియో వివరణ మొదటి వరుసలోనే ఉండాలి. బతుకమ్మ పాటను పండుగ రోజు వరకు ఆపకుండా, ఆడపడుచులు ఆట నేర్చుకునేందుకు వీలుగా మూడు నాలుగు వారాల ముందే విడుదల చేయండి. చప్పట్లకు అందే చరణాన్ని చిన్న రీల్‌గా ముందుగా వదలండి. పాటల యాప్ స్పాటిఫైలో ప్లేలిస్టుల పరిశీలనకు పంపాలంటే విడుదలకు కనీసం 7 రోజుల ముందే పాట అక్కడికి చేరాలి.

ఇలాంటి యాప్‌లకు పాటను చేర్చే సంస్థ (డిస్ట్రిబ్యూటర్) ద్వారా పంపేటప్పుడు 'కంటెంట్ ఐడీ' అనే గడి ఎదురవుతుంది; మీ పాట ఇతరుల వీడియోల్లో వినిపిస్తే యూట్యూబ్ తానే పసిగట్టే ఏర్పాటు అది. స్టూడియో వారు పదిమందికీ వాడే డప్పు లూప్ (తిప్పి తిప్పి వాడే రెడీమేడ్ దరువు) మీ పాటలోనూ ఉంటే, ఆ గడిలో టిక్ పెట్టకండి. ఇతరుల పాటల మీద మీ పేరున తప్పుడు క్లెయిములు పడి, తగాదాలు వస్తాయి. స్టూడియోకు చివరి వాయిదా డబ్బు చెల్లించే ముందే మిక్స్ అయిన పూర్తి పాట వేవ్ (WAV) ఫైలునూ, గొంతు లేని ట్రాక్‌నూ పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. రేపు స్టేజీ మీద పాడడానికి ఆ ట్రాకే కావాలి.