449 అని చెప్పి 717 బిల్లు ఎందుకు వచ్చింది?

ప్రశ్న: పదేళ్లుగా ప్రీపెయిడ్ వాడుతున్నాను, చివరికి 349 రీచార్జ్ వేసుకునేదాన్ని. రీచార్జ్ తేదీ గుర్తుపెట్టుకోలేకపోతున్నానంటే రెండు నెలల క్రితం షాపులో పోస్ట్‌పెయిడ్‌కి మార్చారు. నెలకు 449, అంతే అన్నారు. మొన్నటి బిల్లు 717 రూపాయల 44 పైసలు! కస్టమర్ కేర్ వాళ్లు అంతా కరెక్టే అంటున్నారు. బిల్లు కాపీ పంపుతున్నాను. నన్ను మోసం చేశారా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ బిల్లు రెండుసార్లు చూశానండీ. కూడికలో తప్పు లేదు. కానీ షాపులో మీకు సగమే చెప్పారు, ఆ మిగతా సగం చెప్పకపోవడమే నాకు కోపం తెప్పిస్తుంది.

ముందు పన్ను సంగతి. ప్రీపెయిడ్‌లో 349 అంటే మీ జేబులోంచి పోయేది 349, జీఎస్టీ అందులోనే కలిసి ఉంటుంది. పోస్ట్‌పెయిడ్‌లో బోర్డు మీద రాసిన ధర మీద 18 శాతం జీఎస్టీ అదనం. కాబట్టి మీరు ఏమీ ఎక్కువ వాడకపోయినా 449 ప్లాన్‌కి కట్టాల్సింది 529 రూపాయల 82 పైసలు. మీ పాత 349 రీచార్జ్‌తో పోల్చాల్సింది 449ని కాదు, ఈ 529ని.

ఇక మీ బిల్లులో 60 రూపాయలు అదనపు డేటాకి. మీ ప్లాన్‌లో నెలకు 75 జీబీ, అది దాటాక జీబీకి 10 రూపాయలు. మీరు 6 జీబీ దాటారు. ప్రీపెయిడ్‌లో ఆ రోజు డేటా అయిపోతే నెట్ నత్తనడక నడుస్తుంది, మనం విసుక్కుని ఊరుకుంటాం, లేదా తెలిసే ఇంకో ప్యాక్ వేసుకుంటాం, డబ్బు మాత్రం మనకు తెలియకుండా పోదు. పోస్ట్‌పెయిడ్‌లో నెట్ ఆగదు, మీటర్ తిరుగుతూనే ఉంటుంది, తెలిసేది బిల్లు వచ్చాకే. నా దృష్టిలో రెండింటికీ అసలు తేడా ఇదే. డేటా ఇంత వాడేశారని వచ్చే మెసేజ్‌లు చదవకుండా తీసేయకండి. మీ నంబరుకి క్రెడిట్ లిమిట్, అంటే బిల్లు ఎంతవరకు పెరగనిస్తారన్న హద్దు, ఎంత పెట్టారో కూడా అడిగి, ఎక్కువనిపిస్తే తగ్గించమనండి.

అన్నిటికంటే నన్ను ఆపిన లైను 99 రూపాయల గేమ్స్ సబ్‌స్క్రిప్షన్. అది మీరు అడిగింది కాదని ఉత్తరంలోనే అర్థమవుతోంది. మా నాన్నగారి నంబరు మీద కూడా ఇలాగే ఒక కాలర్ ట్యూన్ డబ్బులు నెలల తరబడి పోయాయి, ఆయన ఎవరినీ అడగలేదు, మేమూ చూడలేదు. ఇలాంటి సర్వీసు పెట్టే ముందు కస్టమర్ దగ్గర రెండుసార్లు ఒప్పుకోలు తీసుకోవాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లోనే ఆదేశించింది. 155223కి ఫోన్ చేసి వెంటనే ఆపించండి. తర్వాత 198కి ఫిర్యాదు చేసి, నేను ఒప్పుకున్నట్టు రికార్డు చూపించండి, లేదంటే డబ్బు వెనక్కివ్వండి అని గట్టిగా అడిగి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. అక్కడ పని కాకపోతే ఆ కంపెనీలోనే అప్పీలు అధికారి ఉంటారు. ఆపైన వినియోగదారుల కమిషన్‌కీ వెళ్లొచ్చు, టెలికాం ఫిర్యాదులు అక్కడ వినొచ్చని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది.

449, 60, 99 కలిపితే 608. దాని మీద జీఎస్టీ 109.44. అలా అయ్యింది 717.44.

కోపంలో బిల్లు కట్టకుండా వదిలేయకండి. లేట్ ఫీజు పడుతుంది, బాకీ ఉంటే నంబరు వేరే కంపెనీకి పోర్ట్ కూడా కాదు. కట్టేసి, ఫిర్యాదు నడిపించండి. ఒక్క నంబరే ఉన్న మీకు ప్రీపెయిడే మేలు. ఇంట్లో నలుగురు ఒకే ప్లాన్‌లో ఉంటే పోస్ట్‌పెయిడ్ కలిసిరావచ్చు, ఆ లెక్క వేరు. తిరిగి మారడానికి ఓటీపీ చాలు. మారాక 90 రోజులు ఆగాలన్న నిబంధనని 2025 జూన్‌లో మొదటిసారి వెనక్కి మారేవాళ్లకి 30 రోజులకి తగ్గించారు, మీకు ఆ గడువు దాటిపోయింది కూడా.

ప్రశ్న: ప్రీపెయిడ్‌లో మాత్రం దోపిడీ లేదా? నెల అంటారు, 28 రోజులకే అయిపోతుంది.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఉందండీ, మీరన్నది నిజం. 28 రోజుల ప్లాన్ వేసుకుంటే ఏడాదికి 13 రీచార్జ్‌లు. 349 చొప్పున 4,537 రూపాయలు. పన్నెండే అనుకుంటే 4,188. ఆ తేడానే మనకు కనిపించని ఫీజు. (అయినా పై పాఠకురాలి 449 ప్లాన్‌కి పన్నుతో కలిపి ఏడాదికి దాదాపు 6,358 అవుతుంది.) 30 రోజుల ప్లాన్ ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్లాన్ ఒకటి ప్రతి కంపెనీ పెట్టి తీరాలని 2022 జనవరిలో ట్రాయ్ ఆదేశం ఇచ్చింది. షాపువాళ్లు వాళ్లంతట వాళ్లు వాటిని చూపించరు, మీరే అడగాలి. కొన్ని పేమెంట్ యాప్‌లు రీచార్జ్ మీద రూపాయో రెండో ప్లాట్‌ఫామ్ ఫీజు వేస్తాయి, కంపెనీ సొంత యాప్‌లో ధర చూసి పోల్చుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు కీప్యాడ్ ఫోన్ వాడుతుంటే వాళ్లకి డేటా ప్యాక్ ఎందుకు? కాల్స్, మెసేజ్‌లకే పరిమితమైన ప్యాక్‌లు ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ చెప్పింది, ఇప్పుడు దొరుకుతున్నాయి.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఎంఎస్‌కి వెళ్లాడు. అక్కడ కాంట్రాక్ట్ తీసుకుంటే కొత్త ఫోన్ ఫ్రీ అంటున్నారట. తీసుకోమనమంటారా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ఇప్పుడే వద్దనండి. అక్కడ ఫ్రీ ఫోన్ అంటే చాలావరకు ఫోన్ ఖరీదుని 36 నెలలకు పంచి, ప్రతి నెలా బిల్లులో అంత తగ్గిస్తారు. మధ్యలో మానేస్తే ఆ తగ్గింపు ఆగిపోయి, ఫోన్ మీద మిగిలిన బాకీ అతనే కట్టాలి. రెండేళ్ల చదువుకి మూడేళ్ల కట్టుబాటు ఎందుకు? పైగా కనెక్షన్ ఇచ్చేటప్పుడు యాక్టివేషన్ ఫీజు, నెలనెలా అడ్మిన్ ఛార్జీ, ఆ రాష్ట్రం పన్నులు వేరే పడుతుంటాయి. అక్కడి ప్రీపెయిడ్ ప్లాన్‌లలో కొన్ని పన్నులతో కలిపే ధర చెప్తాయి, అలాంటిది వెతుక్కోమనండి. ఫీజులన్నీ విడివిడిగా చూపించే లేబుల్ అమ్మేచోటే పెట్టాలని అక్కడ 2024 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలకి నిబంధన ఉంది. సంతకం పెట్టే ముందు ఆ లేబుల్ ఫొటో తీసి మీకు వాట్సాప్ చేయమనండి.