ప్యాకర్ బిల్డ్ ఒకసారి అయి, ఒకసారి ఎందుకు ఆగిపోతుంది?

ప్రశ్న: ఒంగోలు దగ్గర రొయ్యల చెరువుల సెన్సర్ డేటా చూసే మా సర్వర్లకు ప్యాకర్ అనే టూల్‌తో ఉబుంటు ఇమేజ్ (కొత్త సర్వర్లు లేపడానికి సిద్ధంగా ఉంచే డిస్కు నకలు) చేస్తున్నాను. అమెజాన్ క్లౌడ్ (ఏడబ్ల్యూఎస్) హైదరాబాద్ రీజియన్‌లో బిల్డ్ ఒకసారి అవుతుంది, ఒకసారి ప్యాకేజీల దగ్గర ఆగుతుంది. ఎందుకండీ?

జవాబు: మా నెల్లూరు వైపు మాటల్లో ప్యాకర్ చేసేది నారు పోయడమే. ఒక మడిలో పెంచి ఎన్ని మళ్లలోనైనా నాటుకోవచ్చు. తాత్కాలికంగా ఒక మెషీన్ లేపి, ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) లోపలికెళ్లి మీ స్క్రిప్టులు నడిపి, డిస్కు స్నాప్‌షాట్‌ను ఏఎంఐగా (అమెజాన్ మెషీన్ ఇమేజ్) నమోదు చేసి, ఆ మెషీన్‌ని తీసేస్తుంది.

మీ తంటా చాలావరకు క్లౌడ్-ఇనిట్‌దే, అంటే మెషీన్ మొదటిసారి లేచినప్పుడు దాన్ని సర్దే ప్రోగ్రాందే, అయ్యుంటుంది. మెషీన్ లేవగానే అది ప్యాకేజీలు దొరికే రిపోజిటరీల లిస్టు రాసుకునే పనిలో ఉంటుంది. అది ముగియకముందే ఎస్‌ఎస్‌హెచ్ తెరుచుకుంటుంది. ప్యాకర్ తొందరపడి ఆప్ట్ (ఉబుంటులో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే కమాండ్) నడిపితే లాక్ అడ్డొస్తుంది, లేదా ప్యాకేజీ దొరకలేదంటుంది. ఎవరు ముందొస్తే వాళ్లదే పైచేయి, అందుకే రోజుకో తీరు. మొదటి షెల్ ప్రొవిజనర్‌లో (ప్యాకర్‌లో మీ స్క్రిప్టులు నడిపే భాగం) ‘క్లౌడ్-ఇనిట్ స్టేటస్ --వెయిట్’ పెట్టండి. ‘స్లీప్ 30’తో, అంటే ఊరికే ముప్పై సెకన్లు ఆగి, సరిపెట్టేవాళ్లున్నారు. నాకు నచ్చదు, గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఉంటుంది.

పనిలో పనిగా, సోర్స్ ఏఎంఐ ఐడీ నేరుగా రాయకండి, రీజియన్ మారితే అదీ మారుతుంది. ఫిల్టర్ పెట్టి, ఓనర్ ఇచ్చి, ‘మోస్ట్ రీసెంట్’ ట్రూ చేయండి. ఇమేజ్ పేరుకు టైమ్‌స్టాంప్ తగిలించండి, లేకపోతే రెండో బిల్డ్ పేరు దగ్గరే ఆగుతుంది. పాత ఏఎంఐ తీసేసినప్పుడు దాని స్నాప్‌షాట్ కూడా పోయిందో లేదో చూసుకోండి. అది మిగిలితే బిల్లు వస్తూనే ఉంటుంది.