కుండీలో టీ మొక్క పసుపు తిరిగితే యూరియా వేయాలా?

ఆ యూరియా పొట్లం ముందు పక్కన పెట్టండి. బెంగళూరులో కుండీలో పెంచుతున్న టీ మొక్క చిగుళ్లు పసుపు తిరిగాయి, కాల్షియం నైట్రేట్ ఇస్తున్నా తగ్గలేదు, యూరియా కూడా వేయమంటారా అన్నారు కదా. మూడేళ్ల కిందట నేను సరిగ్గా ఇదే దారిలో పోయి మొక్కని సగం చంపాను.

కూనూరు నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన మొక్క అది. మారతహళ్లిలో మా టెర్రస్ మీద రెండు నెలలు బాగానే ఉంది. తర్వాత కొత్తాకులు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. యూరియా ఇచ్చేది నైట్రోజన్. అది చాలకపోతే ముందు పాలిపోయేవి ముదురాకులు. మొక్క వాటిలోంచి లాగి చిగురుకు పంపుకుంటుంది. ఈనెలు పచ్చగా ఉండి చిగురు పాలిపోయిందంటే ఎక్కువగా ఇనుము అందక. మట్టిలో లేక కాదు, మట్టి క్షారమై అది కరగక. మా బోరు నీళ్లు బకెట్‌కి తెల్లచారలు కట్టే రకం. చాలదన్నట్టు మా అమ్మ అనంతపురం నుంచి కట్టెల బూడిద తెచ్చి పిడికెడు చల్లింది! బూడిదా క్షారమే.

టీది పుల్లటి నేల, పీహెచ్ 4.5 నుంచి 5.5 దాకా. మట్టిలో నైట్రోజన్ మొక్కకు అందేది ఎక్కువగా అమ్మోనియం, నైట్రేట్ అనే రెండు రూపాల్లో. అలాంటి నేలలో అమ్మోనియం కాస్తా నైట్రేట్‌గా మారడం నెమ్మది. టీ వేళ్లు కూడా నైట్రేట్ కన్నా అమ్మోనియాన్నే ఇష్టంగా తీసుకుంటాయి. తీసుకుంటూ హైడ్రోజన్ అయాన్లు వదిలి చుట్టూ మట్టిని ఇంకాస్త పుల్లబరుస్తాయి. నైట్రేట్ తీసుకుంటే జరిగేది దీనికి ఎదురు. అంటే నేను డబ్బు పెట్టి కాల్షియం నైట్రేట్ కొని మరీ మట్టిని క్షారం వైపు తోశాను.

అమ్మోనియం పోగుపడితే చాలా మొక్కలకు విషం. టీ మొక్క దాంట్లో చాలా భాగాన్ని వేళ్లలోనే థియనైన్ అనే అమైనో ఆమ్లంగా మార్చి దాచుకుని, చిగుళ్లు వేసే కాలంలో పైకి పంపుతుంది. టీలో కమ్మదనం దానిదే. ఎండ ఎక్కువైతే అది ఆకులో తగ్గి వగరు పెరుగుతుంది. జపాన్‌లో మచ్చా అనే పొడి టీ తోటలకు నీడ కట్టేది అందుకే.

నేను మట్టి మార్చాను, వాననీళ్లు పట్టాను, అమ్మోనియం సల్ఫేట్ లీటరుకి ఒక గ్రాము చొప్పున పదిహేను రోజులకోసారి పోశాను. పాత పసుపాకులు కోలుకోలేదు. ఆరేడు వారాలకు కొత్త చిగురు పచ్చగా వచ్చింది. ఆత్రపడి మోతాదు పెంచితే ఆకుల కొనలు మాడతాయి, అదీ చూశాను.

ఇంతకీ మీవి కావేరి నీళ్లా, బోరు నీళ్లా? అది రాయలేదు.