ఫిజియోథెరపీ సరే, ముందు ఆ మాత్రల లెక్క చెప్పండి

ప్రశ్న: నా వయసు 34. కంప్యూటర్ ముందు ఉద్యోగం. ఏడాదిగా తలనొప్పి. మెడ వెనక మొదలై నుదుటి దాకా పాకుతుంది. వారంలో నాలుగైదు రోజులు ఉంటుంది. మాత్ర వేసుకుంటే తగ్గుతుంది, మర్నాడు మళ్లీ మొదలు. కళ్లు బాగానే ఉన్నాయన్నారు. ఫిజియోథెరపీతో పూర్తిగా పోతుందా? ఎన్ని సిట్టింగులు పడతాయి?
– ఒక పాఠకురాలు

సలహా: సిట్టింగుల సంగతి తర్వాత. ‘మాత్ర వేసుకుంటే తగ్గుతుంది, మర్నాడు మళ్లీ మొదలు’ అన్నారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. ఏ మాత్ర, నెలకు ఎన్ని, ఎవరు రాసిచ్చారు? ఇవేవీ రాయలేదు. నొప్పి వచ్చిన ప్రతిసారీ వేసుకుంటున్నారంటే నెలకు 15 రోజులు దాటినట్టే.

తలనొప్పి ఉన్నవాళ్లు పారాసెటమాల్, ఐబూప్రొఫెన్ లాంటి మామూలు నొప్పి మాత్రల్ని నెలలో 15 రోజులు, ఆపైన, మూడు నెలలకు మించి వాడితే ఆ మందే తలనొప్పిని రోజువారీ చేసేస్తుంది. కెఫిన్‌తోనో మరో మందుతోనో కలిపి చేసిన మాత్రలకు, మైగ్రేన్‌కు ఇచ్చే ట్రిప్టాన్లకు 10 రోజులే హద్దు. మందు ప్రభావం దిగగానే నొప్పి లేస్తుంది, నొప్పి లేవగానే చెయ్యి మళ్లీ స్ట్రిప్పు మీదికి పోతుంది. ఇవాళ పొద్దున ఒకాయన నా టేబుల్ మీద నాలుగు రకాల స్ట్రిప్పులు పరిచారు. మూడింట్లో ఉన్నది ఒకే మందు, పేర్లే వేరు. ఆ సంగతి ఆయనకు తెలీదు. ఐబూప్రొఫెన్ లాంటివి ఇలా వాడితే కడుపులో పుండ్లు, కిడ్నీల ఇబ్బంది సరేసరి. అయితే ఇది చదివి రేపటి నుంచి అన్నీ ఒక్కసారిగా మానేయకండి. మానిన మొదటి వారం, పది రోజులు నొప్పి ఇంకా పెరుగుతుంది. ఏది ఎలా ఆపాలో మిమ్మల్ని చూసే డాక్టరే చెప్పాలి.

ఇక కారణం. మీరు రాసినదాన్ని బట్టి రెండు అనుమానాలు. ఒకటి టెన్షన్ తలనొప్పి: తలకు రెండు వైపులా పట్టీ బిగించినట్టు ఉంటుంది. రెండోది మెడ నుంచి వచ్చేది. మెడ పైభాగంలోని మొదటి మూడు నరాల కబురు, ముఖం, నుదుటి నరాల కబురు మెదడు కింద ఒకే చోట కలుస్తాయి. అందుకే తేడా మెడలో ఉన్నా నొప్పి నుదుట తెలుస్తుంది. ఇది ఎక్కువగా ఒకే పక్కన ఉంటుంది, మెడ తిప్పితే పెరుగుతుంది. మైగ్రేన్‌లోనూ మెడ పట్టేస్తుంది కాబట్టి దాన్ని కొట్టిపారేయలేను. వికారం, వెలుతురు పడకపోవడం ఉన్నాయా? నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపు గీతలు కనిపిస్తాయా? కనిపిస్తూ, గర్భనిరోధక మాత్రలు కూడా వాడుతుంటే ఆ మాట డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. పక్షవాతం ముప్పు ఉంటుంది. బీపీ చూపించుకున్నట్టూ రాయలేదు!

మెడ నుంచి వచ్చే నొప్పి అని తేలితే ఫిజియోథెరపీ బాగా పనికొస్తుంది. టెన్షన్ తలనొప్పిలోనూ చాలామందికి ఊరట ఉంటుంది. మైగ్రేన్‌కైతే అది తోడు మాత్రమే. 2002లో ఆస్ట్రేలియాలో మెడ తలనొప్పి ఉన్న 200 మందిని తీసుకుని, కొందరికి ఆరు వారాలు చికిత్స చేసి, కొందరికి చేయకుండా పోల్చి చూశారు. చేత్తో చేసే చికిత్స, వ్యాయామం రెండూ పనిచేశాయి, ఏడాది తర్వాత కూడా ఆ ఫలితం నిలిచింది. కాబట్టి ఆరు వారాలు అనుకోండి. ‘పూర్తిగా పోతుంది’ అని మాత్రం నేను రాసివ్వలేను. పడుకుని మసాజ్ చేయించుకుని వచ్చేస్తే ఆ సాయంత్రం హాయిగా ఉంటుంది, అంతే. అసలు పని మెడ ముందువైపు లోతుగా ఉండే చిన్న కండరాలకు బలం తేవడం.

ఉదాహరణకు ఒకటి. వీపు, తల వెనకభాగం గోడకు ఆనించి నిలబడండి. గడ్డాన్ని ఎత్తకుండా, దించకుండా నేరుగా వెనక్కి లాగండి. అద్దంలో చూస్తే గడ్డం కింద మడత పడాలి. ఐదు సెకన్లు ఉంచి వదలండి. పదిసార్లు చాలు. చేతుల్లోకి తిమ్మిరి వచ్చినా, కళ్లు తిరిగినా ఆపేయండి. ఎవరైనా మెడ పట్టుకుని టక్కున తిప్పుతామంటే మాత్రం వద్దనండి. అరుదే గానీ, అలా తిప్పినప్పుడు మెదడుకు వెళ్లే రక్తనాళం చీలిన సందర్భాలున్నాయి.

క్షణాల్లో భరించలేనంతగా వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, చెయ్యి కాలు పట్టు తప్పడం, చూపు మసకబారడం, తలకు దెబ్బ తగిలాక మొదలైన నొప్పి: వీటిలో ఏదున్నా ఫిజియోథెరపీ కాదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. 50 దాటాక కొత్తగా మొదలైన తలనొప్పినీ వాయిదా వేయకూడదు.

మిమ్మల్ని చూడకుండా ఇంతకన్నా చెప్పడం సరికాదు. ఏడాది ఆగారు, ఇంకో నెల ఆగకండి. ఈ వారంలోనే ఫిజీషియన్‌కో న్యూరాలజిస్టుకో చూపించుకోండి. వెళ్లేటప్పుడు ఖాళీ స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్లండి.