ఫైల్ మార్చినా షెల్‌లో పాత లెక్కే వస్తుంటే

ఎడిటర్‌లో ఫంక్షన్ సరిచేసి, సేవ్ చేసి, పైథాన్ షెల్‌లో మళ్లీ ఇంపోర్ట్ కొట్టినా గుంటూరు మిర్చి యార్డు బస్తాల లెక్క పాతదే వస్తోందన్నారు కదా. టెన్షన్ పడకండి, మీ సవరణ ఎక్కడికీ పోలేదు. పైథాన్ ఒక మాడ్యూల్‌ని, అంటే మీ కోడ్ ఉన్న ఫైల్‌ని, మొదటిసారే చదువుతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఇంపోర్ట్ అన్నా మెమరీలో ఉన్నదే ఇస్తుంది. పైథాన్‌తోనే వచ్చే ఇంపోర్ట్‌లిబ్ (importlib) ని ఇంపోర్ట్ చేసుకుని, దాని రీలోడ్ ఫంక్షన్‌కి మాడ్యూల్ పేరు కోట్స్ లేకుండా ఇవ్వండి.

ఒక్కటి చూసుకోండి. మీ ఫైల్ పేరు మిర్చి, ఫంక్షన్ పేరు ధర అనుకుందాం. 'ఫ్రమ్ మిర్చి ఇంపోర్ట్ ధర' అని తెచ్చుకుని ఉంటే, రీలోడ్ అయ్యాక ఆ లైన్ కూడా మళ్లీ కొట్టాలి. లేకపోతే 'ధర' పాత ఫంక్షన్‌నే పట్టుకుని ఉంటుంది. అందుకే నేనైతే 'ఇంపోర్ట్ మిర్చి' అని రాసి, ఫంక్షన్‌ని 'మిర్చి.ధర' అని పిలవమంటాను.

రోజంతా ఇదే పనైతే ఐపైథాన్ (మరిన్ని సౌకర్యాలున్న పైథాన్ షెల్) పెట్టుకోండి. ఆటోరీలోడ్ ఎక్స్‌టెన్షన్ లోడ్ చేసి, 'ఆటోరీలోడ్ 2' అని ఇస్తే, సేవ్ చేసిన మార్పులు అదే తెచ్చుకుంటుంది. క్లాసులో ఇనిట్ (ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడు నడిచే ఫంక్షన్) మారిస్తే మాత్రం ఆబ్జెక్టులు కొత్తగా చేసుకోవాలి.