గంటలు పెంచకండి, పుస్తకం మూయించండి

ప్రశ్న: మా అమ్మాయి పదకొండో తరగతి. తెల్లవారుజామునే లేస్తుంది, రాత్రి పన్నెండు దాకా పుస్తకం వదలదు. అడిగితే అన్నీ వచ్చంటుంది. టెస్టులో మాత్రం మార్కులు అరవై దాటడం లేదు. వచ్చే ఏడాది కాలేజీ అడ్మిషన్లు. టెన్షన్‌గా ఉంది. ఇంకో ట్యూషన్ పెట్టించమంటారా?

జవాబు: ముందు ఆమె చివరిసారి రాసిన ఆన్సర్ షీట్ దగ్గర పెట్టుకుని ఇద్దరూ కూర్చోండమ్మా. మార్కు పోయిన ప్రతిచోటా ఎందుకు పోయిందో ఆమెతోనే పక్కన రాయించండి. అసలు తెలియకా, తెలిసీ గుర్తు రాకా, ప్రశ్న సరిగా చదవకా, టైం చాలకా? తిట్టడానికి కాదు సుమా. ఆ కాయితం చూసి ఒక్క మాట తూలారంటే ఇక ఏ పేపరూ మీ కంట పడదు. ఒకే సబ్జెక్టులో ‘తెలియక’ అన్నవే ఎక్కువ కనిపిస్తే దానికి మాత్రం ట్యూషన్ పెట్టించండి. మిగతా మూడింటికీ ట్యూషన్ మందు కాదు.

మీరు రాసినదాన్ని బట్టి నా అనుమానం ‘గుర్తు రాక’ మీదే. చదివిందే చదువుతుంటే పేజీ కళ్లకు అలవాటైపోతుంది, వచ్చేసినట్టే అనిపిస్తుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికన్ సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక జట్టు పాఠాన్ని నాలుగు విడతలూ చదివింది. మరో జట్టు ఒక్క విడతే చదివి, మిగతా మూడు విడతలూ చూడకుండా గుర్తున్నదంతా రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత లెక్క తిరగబడింది. చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంటే, రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. కాబట్టి అన్నీ వచ్చంటున్న మీ అమ్మాయి అబద్ధమేమీ చెప్పడం లేదు. ఆ పూటకు వచ్చు, అంతే.

పాఠం ఒకసారి శ్రద్ధగా చదివాక పుస్తకం మూసేసి, తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయమనండి. తర్వాత తెరిచి, వదిలేసినవి వేరే రంగు పెన్నుతో నింపుకోవాలి. మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకు ఒకసారి, ఇంకో వారానికి మరోసారి ఇదే పని. మొదట్లో కాగితం సగం ఖాళీగానే ఉంటుంది, ఏడుపొస్తుంది. కానీ ఏం చదవాలో చెప్పేది ఆ ఖాళీయే.

అయితే బట్టీ పట్టింది గుర్తొస్తే చాలదు. త్వరణం (అంటే వేగం మారే రేటు) నిర్వచనం గడగడా అప్పజెప్పే పిల్లల్ని, పైకి విసిరిన బంతి చిట్టచివరి ఎత్తులో ఉన్నప్పుడు దాని త్వరణం ఎంత అని అడిగి చూడండి. చాలామంది సున్నా అనేస్తారు. అక్కడ సున్నా అయ్యేది వేగం. త్వరణం అప్పుడూ సెకనుకు సెకనుకు 9.8 మీటర్ల దగ్గరే ఉంటుంది, కిందికి. ఇలాంటి తప్పులకు ఒక నోట్‌బుక్ పెట్టించండి. సరైన జవాబు రాసుకుని ఊరుకోకుండా ‘నేను ఎందుకలా అనుకున్నాను’ అని కింద ఒక వాక్యం రాయాలి. నా దృష్టిలో పరీక్షల ముందు తిరగేయాల్సింది గైడ్లను కాదు, ఈ నోట్‌బుక్‌నే.

రాత్రి పన్నెండు మాత్రం మాన్పించండి. దీనిమీద బేరాల్లేవు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర ఉండాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సిఫారసు చేసింది. చదివింది తలలో కుదురుకోవడానికి నిద్ర కావాలి.

కాలేజీకి సిద్ధం కావడమంటే మార్కులొక్కటే కాదు. నచ్చిన కోర్సులు రెండు మూడు అనుకుని, ఒక్కోదానికి ఏ సబ్జెక్టులు తప్పనిసరో, ప్రవేశ పరీక్ష ఉందో లేదో, దరఖాస్తు గడువు ఎప్పుడో కాలేజీల వెబ్‌సైట్లలో ఆమెనే చూసి రాసుకోమనండి. కావాల్సిన సబ్జెక్టు తీసుకోలేదని చివరి ఏడాదిలో తెలిస్తే చేయగలిగింది పెద్దగా ఉండదు. చెయ్యి తిరిగినవాళ్లు కదా అని ఆ పని మీరు చేసిపెట్టకండి. టైంటేబుల్ కూడా ఆమె వేసుకోనివ్వండి, తప్పితే తప్పనివ్వండి.

టీచర్ని అడగడం కూడా ఇప్పుడే అలవాటు కావాలి. ‘ఏమీ అర్థం కాలేదు సార్’ అంటే ఆయన మాత్రం ఎక్కణ్నుంచి మొదలుపెడతారు? చేసిన లెక్క పట్టుకెళ్లి, ‘ఇక్కడిదాకా వచ్చింది, ఈ స్టెప్పు దగ్గర ఆగిపోయాను’ అని చూపించాలి. మొహమాటపడే పిల్లయితే మొదటిసారి స్నేహితురాలిని తోడు తీసుకెళ్లమనండి. మీరు మాత్రం వెంట వెళ్లొద్దు.