పొగగొట్టం వేడి చుట్టూ ఉద్యోగాలు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చివరి సంవత్సరం చదువుతున్నాను. నాన్న ఆటోనగర్‌లో లారీ మెకానిక్. డీజిల్ ఎక్కువ పడితే సైలెన్సర్ కాలుతుందంటారు. బైకులు బాగుచేసే బాబాయి మాత్రం పెట్రోలు తగ్గితేనే కాలుతుందంటారు. ఇంటర్వ్యూలో ఇదే అడిగితే తడబడ్డాను. విద్యుత్ వాహనాలు వస్తున్న ఈ రోజుల్లో ఇంజిన్లను నమ్ముకోవచ్చా?

జవాబు: నాన్నగారిదీ నిజమే, బాబాయిదీ నిజమే. ఇద్దరి చేతిలోనూ ఉన్న ఇంజిన్లే వేరు.

డీజిల్ ఇంజిన్ ప్రతిసారీ గాలిని నిండుగా పీల్చుకుంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే పెరిగేది డీజిలే. ఖాళీగా తిరిగేటప్పుడు అవసరానికి ఎన్నో రెట్లు గాలి ఉంటుంది కాబట్టి పొగ అంతగా వేడెక్కదు. లోడు పెరిగి డీజిల్ ఎక్కువ పడేకొద్దీ వేడీ పెరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ పూడుకుపోయిన లారీ ఘాట్ ఎక్కుతూ నల్లపొగ కక్కడం నాన్నగారు చూసే ఉంటారు. డీజిల్ అంతే పడింది, గాలి తగ్గింది.

పెట్రోలు లెక్క వేరు. కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ చుట్టుపక్కలే పొగ వేడి శిఖరానికి చేరుతుంది. పెట్రోలు అంతకు మించితే ఆవిరయ్యేటప్పుడు కొంత వేడిని తాగేస్తుంది, కొంత సగం కాలి బయటికి పోతుంది. గాలి మరీ ఎక్కువైతే ఆ అదనపు గాలే వేడిని పంచుకుంటుంది. రెండు వైపులా దిగుడే. గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్‌లో ఎక్కువగా ఉన్న పెట్రోలును తగ్గిస్తూ పోతే శిఖరం వైపు ఎక్కుతాం. బాబాయి చూసింది కొండకు ఆ ఒక్క వైపే. (స్పార్కు ఆలస్యమైనా సైలెన్సర్ కాలుతుంది. ప్రతి నేరమూ పెట్రోలు-గాలి మిశ్రమం మీద వేయకండి.) ఆ కొండ బొమ్మ గీసి చూపించినా ఇంటర్వ్యూ గట్టెక్కేది.

ఇక ఉద్యోగం సంగతి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఈ వేడిని అదుపులో ఉంచడమే ఒక వృత్తి అయింది. డీజిల్ కారు పొగగొట్టంలోని ఫిల్టర్‌లో చేరిన మసి కాలాలంటే సుమారు 600 డిగ్రీల సెల్సియస్ కావాలి. అమీర్‌పేట ట్రాఫిక్‌లో పాకే కారుకు అంత వేడి ఎక్కడిది? అందుకే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ (ఈసీయూ) ఆలస్యంగా ఇంకొంత డీజిల్ చిమ్మించి వేడి పుట్టిస్తుంది. ఎప్పుడు, ఎంత చిమ్మాలో తేల్చే పనిని ఇంజిన్ క్యాలిబ్రేషన్ అంటారు.

విద్యుత్ వాహనాల భయం స్కూటర్లు, కార్ల విషయంలో సబబే. ట్రాక్టర్లు, భారీ లారీలు, జనరేటర్లు అంత త్వరగా మారవని నా అంచనా. మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఒకటి దగ్గర్లోని జహీరాబాద్‌లోనే ఉంది. అయినా ఇంజిన్ ఒక్కటే నేర్చుకోమనను. సెన్సార్లు, కంట్రోలర్లు కూడా నేర్చుకుంటే బ్యాటరీ బండికీ పనికొస్తారు. డిప్లొమాతో నేరుగా క్యాలిబ్రేషన్‌లోకి వెళ్లడం కష్టం. డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరండి.

ఈలోగా కాలేజీ ల్యాబులోని డీజిల్ ఇంజిన్ మీద లోడు పెంచుతూ, పొగగొట్టంలో వేడిని కొలిచే థర్మోకపుల్ రీడింగులు రాసి గ్రాఫు గీయండి. పొగ ఏ లోడు దగ్గర నల్లబడిందో మాత్రం దాచి, ఆ గ్రాఫు నాన్నగారికి చూపించి అడగండి. ఆయన వేలు ఎక్కడ పెడతారో చూడండి.